తాయందిర హాలు

టాకీసు నేల వాలుగా ఉంటుందన్న సంగతి మాకు మొదటి ఉయ్యాల దొర్లుకుంటూ వెళ్ళి తెరగోడకు గుద్దుకున్నాక గానీ గుర్తు రాలేదు. అదృష్టం బాగుండి అది ఖాళీ ఉయ్యాల. చక్రాలున్న ఇనుప ఉయ్యాల, ఎవరో దానమిచ్చారు. కరుణమ్మత్త దాన్ని వెనక వరుస దగ్గర పెట్టి దుప్పటి కోసం అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి అది తెర ముందున్న బెంచీ క్లాసులో ఉంది.

"వెనక కూసున్నోళ్ళకు గూడ సినిమా కనబడాలె గద, అందుకే గిట్ల వాలుగ కడ్తరు," అన్నాడు డాడీ, తనే దగ్గరుండి కట్టించినట్టు.

"నెల పిల్లలు ఏం సినిమా చూస్తర్రా, ఇటుకలు పట్టుకరా," అంది అత్త.

డాడీ పేరు సంసోను. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ నలుగురు ఒకచోట నిలబడి కనబడితే ఆయన చేయి విజిల్ కోసం జేబులోకి పోతుంది. కరుణమ్మత్త ఆయన అక్క, నర్సుగా చేసి రిటైరైంది. నా పేరు షెకినా. హైదరాబాద్‌లో ఒక కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. బీదర్‌లో ఇంట్లోనే కూర్చుని వెతుకుతాను. ఈ మధ్య మాత్రం టాకీసు ప్రొజెక్టర్ రూంలో కూర్చుని వెతుకుతున్నాను, బిల్డింగు లోపల సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే కాబట్టి. ఆ రూం పావురాలది. నన్ను అద్దెకున్నదానిలా చూస్తాయి.

టాకీసు మూతపడి చాలా కాలమైంది. ఓనరు కొడుకులు దానికోసం కొట్లాడి కొట్లాడి అలసిపోయి, చివరికి తాళాలు మా చర్చివాళ్ళ చేతిలో పెట్టి, ఏదైనా మంచి పనికి వాడుకోండి అన్నారు. మంచి పని అంటే ఏమిటో చర్చిలో చర్చ జరిగింది. ఒకాయన పెళ్ళిళ్ళకు ఫంక్షన్ హాల్ అన్నాడు. ఇంకొకాయన దాన్ని వ్యతిరేకిస్తూ, ఏసీ ఉన్న ఫంక్షన్ హాల్ అన్నాడు. అప్పుడు అత్త లేచి, పసిబిడ్డను పట్టుకుని ఎటు పోవాలో తెలియని ఆడపిల్లలకు ఇల్లు చేద్దామంది. అత్త వార్డులో రోగుల బంధువులతో మాట్లాడిన గొంతుతోనే చర్చిలో కూడా మాట్లాడుతుంది. అందరూ ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నవాళ్ళలో కొందరు పనికి కూడా వచ్చారు. సీట్లు పీకాం. సీట్ల కింద నుంచి బస్తాలకొద్దీ పల్లీ పొట్టు తీశాం. పాన్ మరకల మీద ఎన్నిసార్లు సున్నం వేసినా మర్నాటికి మరక మళ్ళీ పైకి తేలి పలకరించేది. ప్లైవుడ్ అడ్డం పెట్టి గదులు చేశాం, కానీ వాటి పేర్లు మార్చడం మా వల్ల కాలేదు. బాల్కనీలో బల్బు పోయిందనీ, ఫస్టు క్లాసులో దోమలున్నాయనీ అనుకునేవాళ్ళం. మంచాలన్నిటికీ ముందుకాళ్ళ కింద ఇటుకలు పెట్టాం. ఇంత చేసినా, గట్టిగా సిద్ధమైంది టికెట్ల గది ఒక్కటే. చిన్న గది. తలుపుకు లోపల గడియ ఉంది. బయటి గోడకు టికెట్లిచ్చే కంత ఉంది. ఆ కంతలో ఒక చేయి పడుతుంది, రెండోది పట్టదు.

ఆ గదిలో ఆర్తిని దించాం.

ఆర్తికి పందొమ్మిదేళ్ళు. ఊరు కుశనూర్. పెళ్ళి చేసుకుంటానన్నవాడు పూణే వెళ్ళి ఫోన్ నంబరు మార్చేశాడు. నెల దాటిన ఆడపిల్ల ఆమె ఒళ్ళో ఉంది. ఇన్నాళ్ళూ మా కరుణమ్మత్త ఇంట్లో ఒక మూల సర్దుకుంది. ఆమె అన్న వీరేష్ చెడ్డవాడు కాదు, అదే మా చిక్కు. చెడ్డవాడైతే అత్త ఒక్క కేకతో పంపించేసేది. అతను అంతకుముందే ఒకసారి అత్త ఇంటికి వచ్చి చెప్పులు బయట విడిచి, నీళ్ళు తాగి, తల దించుకుని చెప్పాడు.

"నా పెండ్లాం తరపోళ్ళు ఉద్గీర్ల ఉన్నరు. పిల్లల్లేరు. మంచోళ్ళు, మంచిగ సాదుకుంటరు. బిడ్డను ఆళ్ళకిస్త, చెల్లెను ఇంటికి తోల్కపోత."

"ఇంకోవారం ఆగు," అంది అత్త. "మేం ఇల్లు చేస్తున్నం. తల్లి, బిడ్డ ఒక్కకాడ్నే ఉంటరు."

"శుక్రవారం వస్త," అన్నాడు వీరేష్. "అది నిజంగ ఇల్లయితే ఉండనిస్త. పాత టాకీసే అయితే తోల్కపోత."

 ఆర్తి పక్కలో పడుకున్న బిడ్డను ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది, ఉద్గీర్ అటువైపే ఉన్నట్టు.

అది నిజంగా ఇల్లని చెప్పాల్సింది ఇలాంటి ఇళ్ళకు పర్మిషనిచ్చే సర్కారు ఆఫీసు మేడం. ఆమె ఫోన్లోనే అంతా విని, కన్నడలో బోర్డు లేకపోతే పర్మిషన్ లేదంది. బోర్డు పెట్టి ఫోటో పంపితే చాలంది.

బోర్డుకి ఎజ్రా అన్నను పిలిచాం. హుమ్నాబాద్‌లో లారీలకు రంగులేస్తాడు. పేరు దగ్గర పెద్దగా ఆలోచించలేదు. సినిమాలు ఆడినప్పటినుంచీ ఊళ్ళో అందరికీ ఆ బిల్డింగు హాలే. హాలు దగ్గర దిగు, హాలు వెనక సందు, హాలు ముందు చాయ్ బండి. కాబట్టి డాడీ అన్నాడు, "తల్లుల హాలు. గంతే. దాన్నే కన్నడంల రాయి. పక్కన తల్లీబిడ్డ బొమ్మ వెయ్యి."

"అయిపోయిందనుకో మామా," అన్నాడు ఎజ్రా అన్న.

గురువారం మధ్యాహ్నం బోర్డు వచ్చింది. పసుప్పచ్చ అక్షరాలు, వాటికి ఎర్రటి నీడ, రోడ్డు అవతలినుంచి కూడా కనబడేంత సైజు. తాయందిర హాలు. పక్కన తల్లీబిడ్డ. అంటే ఒక తెల్లావు, దాని కింద దూరి పాలు తాగుతున్న దూడ.

"అన్నా, తల్లీబిడ్డ అంటే మనుషులు గద," అన్నాను.

"మనుషులని ఎవలన్నరు? లారీ మీద తల్లీబిడ్డ అంటే ఇదే. నా చేతికి ఇదే వస్తది. ఆడమనిషిని వేస్తే మా మేస్త్రీ మొఖం వస్తది."

"దూడ మంచిగుంది," అంది ఆర్తి. అంతటితో ఆవు పర్మనెంటు అయిపోయింది.

అందరం బోర్డు కింద నిలబడి ఫోటో దిగాం. మేడంకి పంపాం. మేడం బొటనవేలు బొమ్మ పంపింది, వెనకాలే పర్మిషన్ కూడా పంపింది. అత్త ప్రార్థన చేసింది. డాడీ జిలేబీ తెచ్చాడు. రేపు వీరేష్ వచ్చి చూసుకుంటే ఇక ఆర్తికి భయం లేదనుకున్నాం.

శుక్రవారం పొద్దున్నే గేటు తీస్తే ఒక తాత నిలబడి ఉన్నాడు. నల్లద్దాలు, ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో చిన్న స్టీలు గ్లాసు.

"బిడ్డా, నా పేరు సిద్ధప్ప. దుబల్గుండికెల్లి ఫస్టు బస్సుకొచ్చిన. పాలిస్తున్నరు గద."

"ఇక్కడ పాలెక్కడియి తాతా? పాల సెంటర్ ఆ రోడ్డుకుంది."

"బర్రె పాలు కాదు బిడ్డా. తల్లిపాలు. కండ్లల్ల ఏసుకోనీకి." అద్దాలు తీసి చూపించాడు. రెండు కళ్ళూ పండుమిరపకాయల్లా ఉన్నాయి.

ఆ వారం బీదర్ జిల్లా మొత్తానికి కండ్లకలక. బడులు సగం ఖాళీ. బస్టాండులో ఎవరిని చూసినా నల్లద్దాలు, ఊరంతా గూఢచారులు దిగినట్టు ఉంది. తల్లిపాలు రెండు చుక్కలు వేస్తే తగ్గుతుందని మా దగ్గర పెద్దవాళ్ళకు గట్టి నమ్మకం.

"ఇక్కడ ఇస్తరని నీకెవలు చెప్పిండ్రు తాతా?"

"ఎవలో చెప్పుడేంది? గంత పెద్దగ రాసిండ్రు గద," అని కట్టె పైకెత్తాడు.

నేను పైకి చూశాను. ఆ బోర్డును నేను అప్పటిదాకా పదిసార్లు చూసి ఉంటాను, కానీ చదవడం అదే మొదటిసారి. తాయందిర అంటే తల్లుల. హాలు అంటే కన్నడలో పాలు. తల్లుల పాలు. సందేహం ఉన్నవాళ్ళ కోసం పక్కన దూడ తాగి చూపిస్తోంది.

నేను బళ్ళో కన్నడ చదివాను. డాడీ సర్వీసంతా కన్నడలో టికెట్లు చింపాడు. అత్త కన్నడలో సూదులేసింది. అందరం కన్నడ అక్షరాలు చదివి తెలుగులో విన్నాం. మేడం సంగతి తెలియదు. అక్షరాలు కన్నడవా కాదా అన్నది మాత్రం చూసుకుని ఉంటుంది.

ఎజ్రా అన్నకు ఫోన్ చేశాను.

"మీరు హాలన్నరు, నేను హాలు రాసిన," అన్నాడు. "చివరి కొమ్ము కొట్టేసి పొల్లు పెడ్తే హాల్ అయితది, ఎంత పని? కానీ నాక్కూడ కండ్లకలక తగిలింది షెకినా. బ్రష్షు ఏదో చెయ్యి ఏదో కనబడ్తలేదు. తగ్గినంక వస్త."

"బోర్డు దించేద్దాం డాడీ," అన్నాను.

"దించితే ఇది పాత టాకీసే గద," అన్నాడు డాడీ. "వీరేష్ వస్తుండు ఇయాల. మేడం పర్మిషనిచ్చింది ఈ బోర్డుకే."

మేం ఇలా మాట్లాడుకుంటుండగానే సిద్ధప్ప తాత వెనక ఒక కుటుంబం నిలబడింది. వాళ్ళ వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు. వాళ్ళ వెనక ఆటో నిండా నల్లద్దాలు. డాడీ చేయి జేబులోకి వెళ్ళడం నేను చూశాను, కానీ ఆపలేకపోయాను. విజిల్ మోగింది.

పాత టాకీసు కాబట్టి టికెట్ల లైనుకు ఇనుప పంజరం అలాగే ఉంది. ఒక్క మనిషి పట్టేంత వెడల్పు, గేటు దగ్గర మొదలై గోడ వెంబడి కంత దాకా వస్తుంది. అందులోకి దూరితే వెనక్కి తిరగడం కుదరదు. డాడీ జనాన్నంతా అందులోకి ఎక్కించాడు. "ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి, ముందు జాగ ఉంది," అంటూ పంజరాన్ని అరచేత్తో చరిచాడు, బస్సు బాడీని చరిచినట్టు. ఆయన మొహంలో అంత వెలుగు రిటైరైన రోజునుంచి నేను చూడలేదు.

అత్త బయటికొచ్చి లైను చూసి తల పట్టుకుంది. పాలూ లేవు గీలూ లేవు, కళ్ళలో అలాంటివి వేస్తే ఉన్న చూపు పోతుంది, దవాఖానకు పోయి చుక్కలు వేయించుకోండి అని అరిచింది. ఎవరూ కదల్లేదు. దొరకదు అని చెబితే లైను ఇంకా పెరుగుతుందని మా ఊళ్ళో గ్యాస్ సిలిండర్లు వాడే అందరికీ తెలుసు.

"సరే," అంది అత్త. "నీళ్ళు మసలబెట్టి చల్లార్చండ్రి, ఉప్పు వెయ్యండ్రి, పత్తి తేండ్రి. కండ్లు తుడుచుకోని దవాఖానకు పోతరు. ఒక్కొక్కలకు ఒక్కొక్క పత్తి. చేతులు సబ్బుతోని కడుక్కోవాలె."

పత్తి ఇచ్చే పనికి ఆర్తి ముందుకొచ్చింది. "ఉత్తగ కూసోని అన్న ఎప్పుడొస్తడా అని చూసుడుకంటే ఇది నయం," అంది. బిడ్డ గోడవారగా దూరంగా పడుకుంది. కంతలోంచి చేయి లోపలికొస్తుంది, తడిపిన పత్తి బయటికి పోతుంది. లైను కదిలింది.

మొదటి చేయి సిద్ధప్ప తాతది. తుడుచుకున్నాడు, పత్తి వాసన చూశాడు, అత్త దగ్గరికి వచ్చాడు.

"నర్సమ్మా, పాలల్ల నీళ్ళెక్కువున్నయి."

"అవి పాలు కావు తాతా. అన్నీ నీళ్ళే."

"అదే అంటున్న. అన్నీ నీళ్ళే. అయినా ఈ కాలంల కలపకుంట ఎవలిస్తరు తియ్యి," అని మనసు సర్దుకుని, ఇంకో కన్ను కోసం మళ్ళీ లైనులో నిలబడ్డాడు.

కాశీబాయి అనే పెద్దావిడ లైనులోంచే నన్ను పట్టుకుంది. "లోపలున్న పిల్లది మొదటి కాన్పా? ఆడపిల్లనా, మొగపిల్లగాడా? మొదటి కాన్పుల ఆడపిల్ల పుట్టిన తల్లివైతే మంచిగ పనిచేస్తయంటరు."

"పాలు కావు పెద్దమ్మా."

"అది సరే. ఏం తింటది ఆ పిల్ల? కారం తింటే కండ్లు మండుతయి."

ఇంతలో నాకు కాల్ వచ్చింది. మీటింగు. విజిల్ విని మా మేనేజరు, నీ ఇంటి పక్కన రైల్వే స్టేషన్ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఇంతకంటే తేలికైన జవాబు దొరకలేదు.

ఎండ ముదిరాక వీరేష్ వచ్చాడు. జీపు రోడ్డు అవతల ఆపించాడు. దిగాడు. బోర్డు చూశాడు, చదివాడు. అతను మాకంటే తెలివైనవాడు, మొదటిసారే కన్నడలో చదివాడు. ఆవును చూశాడు. నల్లద్దాల లైను చూశాడు. లైను చివర గోడలోంచి ఒక ఆడపిల్ల చేయి బయటికొచ్చి ఏదో ఇవ్వడం చూశాడు. అతని మొహం చూసి నేను ఎదురెళ్ళాను.

"ఏం చేస్తున్నరు మా చెల్లెను?" గొంతు మెల్లగానే ఉంది. "గిదా మీ ఇల్లు? దీనికంటె పాత టాకీసే నయముండె."

"అన్నా, అది హాలు. హాలంటే హాల్," అన్నాను. నాకే అర్థం కాలేదు.

అతను నన్ను దాటుకుని తలుపు వైపు నడిచాడు. విజిల్ మోగింది.

"బాబూ, లైన్ల రా," అన్నాడు డాడీ.

"నా చెల్లె లోపలుంది."

"ఉంటది. అందరి పని ఆడ్నే ఉంది. ఏదున్న కౌంటర్ కాడ చెప్పుకో."

"పొద్దుగాలకెల్లి నిలబడ్డం మేము," అన్నారు లైనులోంచి. "ఇప్పుడొచ్చి ముంగట దునుకుతవా?"

"నేను దానికోసం రాలే!"

"అందరు గట్లనే అంటరు."

వీరేష్ డాడీకంటే బలమైనవాడు, వయసులో సగం. కానీ డాడీ జీవితమంతా ఇంతకంటే పెద్దవాళ్ళను ఇంతకంటే ఇరుకు జాగలోకి ఎక్కించాడు. ఏం జరిగిందో తెలిసేలోపు వీరేష్ పంజరంలో ఉన్నాడు. అతని ముందు రెండోసారి లైనుకొచ్చిన సిద్ధప్ప తాత, వెనక కాశీబాయి. ఆవిడా రెండోసారే. వెనక్కి తిరిగే జాగ లేదు. నేను ఉప్పునీళ్ళ బిందె పట్టుకుని పంజరం బయట అతని పక్కనే మెల్లగా నడిచాను.

"నీకు ఏ కన్ను నాయనా?" అంది కాశీబాయి.

"నా కండ్లు బాగనే ఉన్నయి."

కాశీబాయి తన అద్దాలు పైకి జరిపి చూసింది. "ఎడమది ఎర్రగుంది. సిద్ధప్పా, జర చూడు."

"ఎర్రగనే ఉంది," అన్నాడు సిద్ధప్ప.

"సోయా పంట నూర్చే మిషన్ కాడ దుమ్ము పడ్డది."

"అందరికి మొదలు దుమ్మే పడ్తది," అన్నాడు సిద్ధప్ప. "తెల్లారికి రెండోదాంట్ల గూడ పడ్తది."

కాశీబాయి గొంతు తగ్గించింది. అంటే లైనంతా వినబడేట్టు మాట్లాడింది. "లోపలున్న పిల్ల బంగారం. కానీ ఆ పిల్లకొక అన్న ఉన్నడంట. బిడ్డను ఉద్గీర్ల ఎవలకో ఇస్తనంటుండంట. నర్సమ్మ చెప్పింది."

"ఇస్తే ఏమాయె?" అన్నాడు వీరేష్, ఇనుప కడ్డీ వైపు చూస్తూ. "మంచోళ్ళకే ఇస్తుండేమో."

"ఏమాయెనా? బిడ్డ పోతే పాలు ఎండిపోతయి. పాలెండిపోతే గింతమంది కండ్లు ఏం గావాలె?"

ఈ కోణం ఎవరికీ తట్టినట్టు లేదు. లైనంతా కలవరం లేచింది. బిడ్డను పంపిస్తారంట, కౌంటర్ మూసేస్తారంట అని వార్త వెనక్కి పాకింది. వెనకనుంచి ఎవరో, బిడ్డ తల్లి దగ్గరే ఉండాలి అన్నారు. ఇంకెవరో, కనీసం ఈ కండ్లకలక తగ్గేదాకా అన్నారు. వాళ్ళమీద మిగతావాళ్ళు విరుచుకుపడ్డారు: మళ్ళా వచ్చే ఏడు రాదా కండ్లకలక?

"ఆ అన్న దొరకాలె నాకు," అన్నాడు సిద్ధప్ప తాత కట్టె గట్టిగా పట్టుకుని.

"ఏం చేస్తవ్ తాతా?" అన్నాను.

తాత చాలాసేపు ఆలోచించాడు. "లైన్లకెల్లి తీసేస్త," అన్నాడు.

వీరేష్ మొహం తుడుచుకున్నాడు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. దుమ్ము వల్లో దేనివల్లో నేను అడగలేదు. సిద్ధప్ప పత్తి తీసుకుని పక్కకు తప్పుకున్నాడు. నేను పరుగున చుట్టూ తిరిగి వెనక తలుపులోంచి టికెట్ల గదిలోకి వెళ్ళి గడియ వేశాను. బిడ్డ లేచింది. ఎత్తుకుని దూరంగా మూలకు నిలబడ్డాను.

ఆర్తి పత్తి బయటికి చాచింది. ఎవరూ తీసుకోలేదు. వంగి చూసింది.

"తలుపు తియ్యి ఆర్తీ," అన్నాడు వీరేష్.

"తలుపు తల్లులకే అన్నా. మిగిలినోళ్ళకు ఈ కంతనే."

"బోర్డు మీద ఏం రాసిండ్రో చూసినవా నువ్వు? నీ పాలు పంచుతున్నరా ఈళ్ళు?"

"నా బిడ్డకే సరిపోతలేవు, ఊరికేడ పంచుత? ఉప్పునీళ్ళు అవి. చెప్తే ఎవలు నమ్ముతలేరు."

"బిడ్డను తీస్కరా. జీపుంది బయట. ఆళ్ళకు వస్తున్నమని చెప్పిన."

 నాకు ఆర్తి వీపు మాత్రమే కనబడుతోంది. బిడ్డను నా భుజానికి ఇంకా అదుముకున్నాను. ఆర్తి పత్తిని మళ్ళీ నీళ్ళలో ముంచి పిండింది.

"కండ్లు సూపియ్యి," అంది.

"ఆర్తీ."

"సూపియ్యి అన్నా. వెనక లైనుంది."

వీరేష్ వంగి కంత దగ్గరికి మొహం పెట్టాడు. ఆర్తి చేయి బయటికి పెట్టి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మెల్లగా తుడిచింది, అత్త నేర్పినట్టే. ఆ పత్తి పారేసి, కొత్త పత్తితో రెండో కన్ను తుడిచింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. అంతసేపూ అతను వంగే ఉన్నాడు.

"ఈ కండ్లతోని పసిపిల్లను పట్టుకుంటే దానికి అంటుకుంటది. తగ్గినంక రా," అంది.

"తగ్గినంక ఇస్తవా?"

"ఇయ్య."

"మరి ఎందుకు రావాలె?"

"ఎత్తుకోనీకి. నెల దాటింది. నువ్వు ఇంక ఎత్తుకోనే లేదు."

 బయట డాడీ విజిల్ వేశాడు. ముందుకు జరుగుండ్రి, ముందు జాగ ఉంది.

"పేరేంది?" అన్నాడు వీరేష్ చివరికి.

"పెట్టలే. మేనత్త పెట్టాలె పేరు. దానికి మేనత్త లేకపాయె. మామవు, నువ్వే పెట్టు."

వీరేష్ నోరు తెరిచాడు. అందులో పేరేమీ సిద్ధంగా లేదు.

"నాయనా, పేర్లు నిమ్మళంగ పెట్టుకోండ్రి," అంది వెనకనుంచి కాశీబాయి. "కండ్లు మండుతున్నయి, జర జరుగు."

అతను జరిగాడు. నేను వెళ్ళి కంతలోంచి చూశాను. రోడ్డు దాటి జీపు దగ్గరికి పోయాడు. డ్రైవరుతో ఏదో అన్నాడు. డ్రైవరు చేతులు తిప్పి ఏదో అడిగాడు. వీరేష్ తల అడ్డంగా ఊపాడు. జీపు ఖాళీగా వెళ్ళిపోయింది. వీరేష్ తిరిగి వచ్చి లైను చివర నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. ఒక్కో పేరూ పలికి చూసుకుంటున్నట్టున్నాడు.